మందు మానకూడదు, అధ్యయనం మానవచ్చు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఎం.డి. పూర్తిచేసిన నువ్వు వచ్చే నెల నుంచి ఇక్కడే చెన్నైలో, హెచ్.ఐ.వి.తోపాటు క్షయ కూడా సోకినవారికి చికిత్స చేసే ఒక క్లినికల్ ట్రయల్‌లో చేరబోతున్నావని మీ అమ్మ ఆదివారం ఫోనులో చెప్పింది. "రోగుల మీద ప్రయోగాలు చేసే పనట అక్కా, నువ్వైనా వద్దని చెప్పు" అంది. వద్దని చెప్పడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నేను కూర్చున్నలాంటి కుర్చీలోనే మా ఇంటి పిల్ల కూర్చోబోతున్నదన్న గర్వం ఒక పక్క, ఆ కుర్చీలో నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనన్న భయం ఒక పక్క, రెండూ కలిసి నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

బలహీనులను పరిశోధనకు దూరంగా ఉంచడమే దయ అని మీ అమ్మలాగే చాలామంది అనుకుంటారు. క్షయకు మందులు వాడుతున్న హెచ్.ఐ.వి. రోగికి హెచ్.ఐ.వి.ని అణిచిపెట్టే మందులు (ఏ.ఆర్.టి.) ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్ననే తీసుకో. కాంబోడియాలో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారికి 8 వారాలు ఆగకుండా 2 వారాలకే మొదలుపెడితే ఎక్కువమంది బతికారు. మెదడు పొరలకు ఫంగస్ సోకే క్రిప్టోకాకస్ మెనింజైటిస్ ఉన్న హెచ్.ఐ.వి. రోగులలో అదే తొందర ప్రాణాలు తీసింది: ఉగాండా, దక్షిణాఫ్రికాలలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, ఒకటి రెండు వారాలలో మొదలుపెట్టినవారిలో ఆరు నెలలు తిరిగేసరికి 45 శాతం మంది, 5 వారాలు ఆగినవారిలో 30 శాతం మంది చనిపోయారు. ఎంత అనుభవమున్న వైద్యుడైనా మంచం పక్కన నిలబడి ఈ తేడాను ఊహించి చెప్పలేడు. మన ఊరిలోనే 1956లో నెలకొల్పిన క్షయ కీమోథెరపీ కేంద్రం, ఇరుకు ఇళ్లలో అరకొర తిండి తింటూ మందులు వాడిన పేదలకు కూడా శానటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, ఉన్నవారితో సమానంగానే నయమవుతుందని 1959లో నిరూపించింది. అధ్యయనంలో చేరమని ఆ పేదలను ఆ రోజు ఎవరూ అడగకపోయి ఉంటే, మంచం దొరకనివారి గతి ఏమయ్యేదో ఆలోచించు. ఇదంతా మీ అమ్మకు కూడా చదివి వినిపించు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సి.టి.ఆర్.ఐ.లో నమోదు, తీవ్రమైన దుష్ఫలితం ఏదైనా జరిగితే 24 గంటలలోగా తెలియజేయడం, ఇవి నీకు చెప్పనక్కరలేదు. ప్రతి కాగితం మీద తేదీ నీ చేతితోనే వెయ్యి.

ఇక నా తప్పు సంగతి. 1990లలో ఈ నగరంలోనే ఒక ఆసుపత్రిలో, క్షయ మందుల అధ్యయనంలో నేను వైద్యాధికారిణిగా పనిచేశాను. శ్రీకాకుళం నుంచి మేస్త్రీ పనులకు వలస వచ్చిన ఒకావిడ అందులో చేరింది. ఆమెకు తమిళం రాదు, చదువు రాదు. తెలుగు డాక్టరమ్మ దొరికిందని ఆమె ముఖం విప్పారింది. నేను తమిళంలో ఉన్న సమ్మతి పత్రాన్ని నోటితోనే తెలుగు చేసి గబగబా చెప్పేశాను. ఎప్పుడు కావాలన్నా అధ్యయనం నుంచి తప్పుకోవచ్చు, అయినా వైద్యం ఆగదు అన్న వాక్యం అందులో ఉంది. దాన్ని ఒక్క ఊపిరిలో దాటేశాను. ఆ తరువాత క్షయ రోగులందరికీ చెప్పే మాటను మాత్రం గట్టిగా, రెండుసార్లు చెప్పాను: "మధ్యలో మానేయకూడదు." మందులు సగంలో ఆపితే క్రిమి మొండికేసి వాటికి లొంగకుండా పోతుంది కాబట్టి మందు మానకూడదని నా ఉద్దేశం. మందు వేరు, అధ్యయనం వేరు అని ఆమెకు ఎవరు చెప్పారు? నోరు విప్పి బాధ చెప్పుకుంటే పేరు కొట్టేస్తారని, దానితో మందులూ బస్సు ఛార్జీలూ పోతాయని ఆమె అర్థం చేసుకున్నది.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడవద్దు అని కూడా నేనే చెప్పాను. రెండో నెలలో కామెర్లు మొదలై మూత్రం మరింత ముదురు రంగుకు తిరిగినప్పుడు, నా మాట నమ్మి ఆమె భయపడలేదు. వాంతులు అవుతుంటే ముఖం కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చునేది. "అంతా బాగానే ఉందా?" అని తల ఎత్తకుండా అడిగితే "బాగానే ఉందమ్మా" అనేది, దుష్ఫలితాలు ఏవీ లేవని నేను రాసుకునేదాన్ని. ట్యూబులైటు కింద కళ్ల పసుపు నాకు కనిపించలేదు. ఒక రోజు కరెంటు పోయి, కిటికీ దగ్గరకు పిలిచి చూస్తే గుండె జారిపోయింది. అన్ని మందులూ ఆపి వార్డులో చేర్చుకున్నాము. కాలేయం ఎంజైములు దిగివచ్చిన తరువాత ఒక్కొక్క మందునే తిరిగి మొదలుపెట్టాము. బతికింది. అధ్యయనం నుంచి తప్పిస్తున్నామని, మందులు మాత్రం ఎప్పటిలాగే ఉచితంగా అందుతాయని చెప్పినప్పుడు ఆమె నన్ను చాలాసేపు చూసి, "ఈ మాట మొదట్లోనే సెప్పుంటే, కడుపులో తిప్పుతున్నాదని అప్పుడే సెప్పుదును కదమ్మా" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇప్పుడు సమ్మతిని రికార్డు చేస్తున్నారు కదా పెద్దమ్మా అంటావేమో. ఆ రోజు నా గొంతును రికార్డు చేసి ఉన్నా, ప్రతి వాక్యమూ చదివినట్టే వినిపించేది. అందుకని ఆ రెండు మాటలను ఒకే రోజు చెప్పకు తల్లీ. అధ్యయనం మానవచ్చు అన్నది ముందు చెప్పి, రోగి చేతనే తిరిగి చెప్పించు. మందు మానకూడదు అన్నది మరునాడు చెప్పు. బాగుందా అని అడగకు. నిన్న రాత్రి ఏమి తిన్నావు, ఎంత తిన్నావు, కడుపులో నిలిచిందా అని అడుగు. కళ్లను పగటి వెలుగులో చూడు.

ఇళ్లకు వెళ్లవలసి వస్తే ఆసుపత్రి పేరున్న వాహనంలో వెళ్లకు. మేము చెప్పాపెట్టకుండా వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవాళ్లం. నీ రోగి ఇంటి గుమ్మంలో అలా నిలబడితే ఆమె హెచ్.ఐ.వి. సంగతి వీధికంతా తెలుస్తుంది. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఆ గోప్యతను కాపాడమంటున్నది కానీ, ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్న తరువాత చట్టం ఆమెకు ఆ రాత్రి పడుకోవడానికి చోటు చూపించదు.

నిన్ను గురించి కూడా నాకు భయమే. నాతో పనిచేసిన అమ్మాయి ఒకతె క్షయ తెచ్చుకుని ఏడాది పాటు మంచం దిగలేదు. ఎన్-95 మాస్కు ముక్కు దగ్గర ఒత్తి పెట్టుకో, గాలి నీ వైపు నుంచి రోగి వైపు వీచేలా కుర్చీ వేసుకో, ఖాళీ కడుపుతో ఓపీకి వెళ్లకు. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే నాకు చెప్పకుండా దాచావో, ఊరుకోను.

నీ సమ్మతి పత్రం తెలుగు ప్రతిని ఈ వారంలోనే పంపించు. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు చదివి వినిపించి, ఆమెకు ఏమి అర్థమైందో ఆమె మాటల్లోనే రాసి, ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ