టెక్ సందేహాలు: అటక మీది కెమెరాలో సగం రీలు

ఈమధ్య వారానికి రెండైనా ఇలాంటి ఉత్తరాలు వస్తున్నాయి. ఎవరింట్లోనో అటక సర్దుతుంటే పాత ఫిల్మ్ కెమెరా బయటపడుతుంది. దుమ్ము దులిపి, ఫొటో తీసి నాకు పంపి "దీనికి మంచి యాప్ ఏది?" అని అడుగుతారు. సెల్లు లేకపోయినా పనిచేసే వస్తువుకి కూడా యాప్ కావాలి మనకి! ఈ వారం మిగతావన్నీ పక్కన పెట్టి ఒక్క ఉత్తరమే తీసుకుంటున్నాను.

"రాజమండ్రిలో ఉంటాను సార్. రిటైరైన లెక్కల మాస్టారిని. మా ఆవిడ పోయి ఐదు నెలలైంది. అంతకుముందు రెండేళ్లు హాస్పిటళ్ల చుట్టూనే తిరిగాం. ఫోన్ తీస్తే చాలు, 'ఏడాది క్రితం ఇదే రోజు' అంటూ ఐసీయూ ఫొటోలకి పాట కట్టి చూపిస్తోంది. దాంతో ఫోన్‌తో ఫొటో తీయబుద్ధి కావడం లేదు. మొన్న అటక మీద నా పాత ఎస్ఎల్ఆర్ ఫిల్మ్ కెమెరా దొరికింది. 2003 పుష్కరాలప్పుడు వాడినట్టు గుర్తు. ఫొటోల కౌంటర్ 22 దగ్గర ఆగి ఉంది. సెల్లు కారి పచ్చగా పట్టింది. 2027 పుష్కరాల్లోపు మళ్లీ చెయ్యి అలవాటు చేసుకోవాలని ఉంది. వాట్సాప్ గ్రూపులో ఒకాయన వెలుతురు కొలిచే లైట్ మీటర్ యాప్ లింక్ పంపాడు, అది కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్ అడుగుతోంది, ఇవ్వొచ్చా? మా అమ్మాయి డాలస్ నుంచి వస్తూ నాలుగు రీళ్లు తెస్తానంటోంది. మా ఆవిడ ఫోన్ మాత్రం బీరువాలో పెట్టేశాను, రీఛార్జ్ కూడా చేయలేదు."

మాస్టారూ, ముందు కెమెరా వెనక తలుపు తెరవకండి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బాబాయి పెళ్లిలో రీలు అయిపోయిందేమో చూద్దామని తెరిచాను. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా తెల్లగా పోయింది. ఇప్పటికీ ఆ ఆల్బమ్ తీసినప్పుడల్లా పిన్ని నా వైపు చూస్తుంది.

రీలు వెనక్కి చుట్టే పిడికను బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి చూడండి. కాస్త తిరిగి బిగుసుకుందంటే లోపల రీలు ఉన్నట్టే. అప్పుడు కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, రాత్రిపూట దీపాలార్పేసి, తొందరపడకుండా చుట్టండి. ఇరవై ఏళ్లకు పైగా అటక వేడిలో ఉన్న ఫిల్మ్ పెళుసెక్కి ఉంటుంది, గుంజితే తెగుతుంది. పట్టు వదిలి పిడిక ఉత్తినే తిరుగుతోందంటే రీలు డబ్బాలోకి వెళ్లినట్టు. మధ్యలో ఆగిపోతే బలవంతం చేయకండి. మీ ఊళ్లో పాతకాలం స్టూడియో ఆయన ఎవరైనా ఉంటే నల్ల సంచిలో చేతులు పెట్టి తీసిపెడతారు. 36 ఫొటోల రీలైతే మిగిలిన 14 కూడా తీసి పూర్తిచేద్దామని అనిపించవచ్చు, వద్దు. అంత పాత రీలు మీద కొత్తగా తీసేవి మసకగానే వస్తాయి. వాటికోసం ఆ 22 ఇంకా నాననివ్వడం దేనికి? కడగడానికి ఇచ్చేటప్పుడు డబ్బా మీద '2003 రీలు' అని రాసి మరీ ఇవ్వండి. రంగులు ఎర్రగానో ఊదాగానో తిరగబడినా మొహాలు గుర్తుపట్టేలా రావచ్చు.

కారిన సెల్లు సంగతి సులువు. సెల్లు తీసేసి, చెవిలో పెట్టుకునే దూది పుల్లని వెనిగర్‌లో ముంచి పిండి, ఆ పచ్చ పొర మీద అద్దండి. తర్వాత తడి బట్ట, ఆపైన పొడి బట్ట. కొత్తగా ఎల్ఆర్44 అనే మామూలు బటన్ సెల్లు కొనకండి, అదే సైజులో ఎస్ఆర్44 అని సిల్వర్ ఆక్సైడ్ సెల్లు దొరుకుతుంది. చివరిదాకా వోల్టేజ్ నిలకడగా ఇస్తుంది కాబట్టి మీటర్ అబద్ధం చెప్పదు. ఇది మీ కెమెరా ఆ సైజు సెల్లు వాడేదైతేనే.

ఇక యాప్. వెలుతురు కొలవడానికి కెమెరా అనుమతి చాలు. కాంటాక్ట్స్ ఎందుకు, ఎస్ఎంఎస్ ఎందుకు? ఎస్ఎంఎస్ ఇచ్చారంటే మీ బ్యాంకు ఓటీపీలు చదువుకోమని ఇచ్చినట్టే. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ని ఎక్కించే ఫైల్, పెళ్లిపత్రిక పేరుతో వచ్చినా, లైట్ మీటర్ పేరుతో వచ్చినా నాకు ఒకటే. ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లో దాని పేరుంటే ఆపేసి, అప్పుడు తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, యూపీఐ పిన్ కూడా మార్చండి. డబ్బు కదిలితే అదే నిమిషంలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి.

అసలు మీకు ఆ యాప్ ఎందుకండీ? రాజమండ్రి ఎండకి మీటరా! పాత రీళ్ల అట్టపెట్టె మీద సూర్యుడు, మబ్బు బొమ్మలు వేసి పట్టిక ఇచ్చేవాడు, గుర్తుందా? అదే లెక్క. మంచి ఎండలో అపర్చర్ (లెన్స్ కన్ను తెరిచే అంకె; అంకె తగ్గితే వెలుతురు పెరుగుతుంది) 16, షట్టర్ స్పీడ్ ఫిల్మ్ ఐఎస్ఓకి (రీలు మీద రాసి ఉండే అంకెకి) దగ్గరగా: 200 రీలైతే సెకనులో 1/250 వంతు. మబ్బు పట్టి నీడలు సరిగా కనిపించకపోతే 8. చెట్టు నీడలో 5.6 లేదా 4. అనుమానం వస్తే ఒక మెట్టు ఎక్కువ వెలుతురే ఇవ్వండి, కలర్ నెగెటివ్ తట్టుకుంటుంది. లెక్కల మాస్టారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అమ్మాయికి ఒక మాట చెప్పండి: రీళ్లు చెక్-ఇన్ లగేజీలో పెట్టొద్దు. ఆ ఎక్స్‌రేలు బలమైనవి. చేతి బ్యాగులో పెట్టినా, ఇప్పుడు చాలా ఎయిర్‌పోర్టుల్లో సీటీ స్కానర్లు వచ్చాయి, వాటిలో ఒక్కసారి వెళ్లినా ఫిల్మ్ పొగబారవచ్చు. రీళ్లన్నీ పారదర్శకంగా ఉండే జిప్ కవర్‌లో వేసి, చేత్తో చూడమని ముందే అడగాలి.

మీరు అడగకుండా వదిలేసిన చివరి వాక్యమే నాకు టెన్షన్ పెట్టింది. బీరువాలో ఫోన్, రీఛార్జ్ లేదు అన్నారు. మన దేశంలో నంబర్ 90 రోజులు వాడకుండా ఉంటే కంపెనీ దాన్ని తీసేయొచ్చు. తీసేశాక కనీసం ఇంకో 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ తర్వాత ఎవరికైనా ఇవ్వొచ్చు. ఐదు నెలలు అంటే 150 రోజులు. మిగతా లెక్క మీకు నేను చెప్పాలా? ఆ నంబర్ కొన్న కుర్రాడెవరో వాట్సాప్ పెట్టుకున్న రోజున, మీ ఫోన్‌లో ఆవిడ పేరు కిందే అతని డీపీ కనిపిస్తుంది. అది మనసుకి కష్టం. అంతకంటే పెద్దది, ఆవిడ ఈమెయిల్‌కి 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే ఓటీపీ అతనికి వెళ్తుంది. ఆ ఈమెయిల్‌లో హాస్పిటల్ రిపోర్టులు, ఆధార్ కాపీలు, ఫొటోలు అన్నీ ఉంటాయి.

కాబట్టి ఇది చదివిన రోజే ఆ ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టండి. సిమ్ పనిచేస్తుంటే ముందు రీఛార్జ్, తర్వాతే ఏదైనా. ఆగిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, మీ ఆధార్ పట్టుకుని ఆ కంపెనీ స్టోర్‌కి వెళ్లి నంబర్ మీ పేరు మీదికి మార్చమని అడగండి. ఈలోపు ఇంటి వైఫై మీద ఫోన్ తెరిచి, ఫొటోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసుకోండి, ఈమెయిల్ రికవరీ నంబర్ మీదిగా మార్చండి. బ్యాంకుకి మాత్రం ఆ ఓటీపీలు వాడకండి. కాగితాలతో బ్రాంచికే వెళ్లాలి. పోయినవాళ్ల నంబర్ గురించి ఇంట్లో ఎవరికీ గుర్తురాదు. గుర్తు చేయాల్సిన ఫోన్‌కేమో పాటలు కట్టడం ఒక్కటే తెలుసు.

ఆ పాటల సంగతికి వస్తే నాకు ఒళ్లు మండుతుంది. సెలైన్ స్టాండ్‌నీ, బర్త్‌డే కేకునీ వేరుగా చూడలేని సాఫ్ట్‌వేర్‌కి 'జ్ఞాపకాలు' అని పేరు పెట్టినవాళ్లు ఎప్పుడైనా హాస్పిటల్ వరండాలో పడుకున్నారా? ఆపుదామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే 'ఈ మనిషిని దాచు' అంటుంది. దాచాలంటే ముందు ఆ మొహం ఎదురుగా పెట్టి, వేలితో నొక్కమంటుంది. నొక్కితే ఆ 'జ్ఞాపకాల్లోంచి' ఆవిడ నవ్వుతున్న ఫొటోలు కూడా పోతాయి. కొన్ని గ్యాలరీ యాప్‌ల్లో తేదీలు దాచే వీలు కూడా ఉంది, కానీ నాలుగు మెనూల అడుగున. హాస్పిటల్ మొదలైన రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఇచ్చేయండి. ఫొటోలు ఉంటాయి, పాట రాదు. రీలు కెమెరాకి ఈ రోగం లేదు. నెగెటివ్ కవర్‌లో ఉంటుంది. మీరు తీసి ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకుంటేనే, అదీ నల్లజుట్టు తెల్లగా, తెల్లచీర నల్లగా కనిపిస్తుంది.

అయితే ల్యాబ్ నుంచి స్కాన్లు రాగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఫైళ్ల మీద ఉండేది 2003 తేదీ కాదు, స్కాన్ చేసిన రోజు తేదీ. అలాగే ఫోన్‌లో వేశారంటే వచ్చే ఏడాది సరిగ్గా అదే రోజు పుష్కరాల రేవులో ఆవిడకి మళ్లీ పాట కడుతుంది. వేసుకునే ముందు గ్యాలరీలో తేదీ మార్చండి. ల్యాబ్ వాళ్లు పంపే లింక్ చాలాసార్లు పాస్‌వర్డ్ లేకుండా, ఎవరికి దొరికితే వాళ్లు చూసేలా ఉంటుంది. కుదిరితే పెన్‌డ్రైవ్‌లో ఇమ్మనండి. లేదంటే దించుకున్న వెంటనే లింక్ తీసేయమని మెసేజ్ పెట్టండి. నెగెటివ్‌లు తిరిగి ఇవ్వాల్సిందేనని ముందే చెప్పండి. అడగకపోతే పారేసే ల్యాబ్‌లు ఉన్నాయి. తెచ్చుకున్నాక బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, గోదావరి తేమకి లెన్స్‌కీ నెగెటివ్‌కీ బూజు పడుతుంది.

ఆ 22లో ఏమొచ్చాయో నాకు రాయనక్కర్లేదు. కెమెరా మోడల్ మాత్రం రాయండి, ఏ సెల్లు వేయాలో ఖాయంగా చెబుతాను.