పదో తరగతి అయ్యాక ఏడాది పాటు అమెరికా హైస్కూల్‌కు పంపొచ్చా? వెళ్లొచ్చినదాన్నిగా నా జవాబు

మీ అమ్మాయి పది చదువుతోంది, ఎక్స్చేంజ్ ప్రోగ్రాంకు అప్లై చేస్తానంటోంది, ఇంటర్‌లో ఒక ఏడాది పోతుంది కదా, పంపితే లాభమేనా అని అడిగారు. నేను ఖమ్మం నుంచి ఆ వయసులోనే కెన్నడీ-లూగర్ యస్ అనే ఎక్స్చేంజ్ ప్రోగ్రాంలో వెళ్లాను. ఇది 2002లో మొదలైంది, ఖర్చంతా అమెరికా ప్రభుత్వానిదే. నన్ను అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో వేశారు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. అమెరికా అంటే న్యూయార్క్ అనుకుని వెళ్తే కష్టమే, ఎక్కడ వేస్తారో మన చేతిలో ఉండదు.

చదువు సంగతి ముందే తేల్చేస్తాను. లెక్కలు, సైన్సు బాగా వస్తాయని మాత్రం పంపకండి. నాకిచ్చిన ఆల్జీబ్రాలో చాలా భాగం మనం పదిలో చేసేసినదే, పైగా పరీక్షలో కాలిక్యులేటర్ పెట్టుకోనిస్తారు. నాకు చుక్కలు చూపించినవి ఇంగ్లిషు, అమెరికా చరిత్ర. అంతర్యుద్ధం పాఠంలో కారణాలు రాయమని అడగరు, అప్పటి ఉత్తరాలు, ప్రసంగాలు చేతిలో పెట్టి వీటిని బట్టి నువ్వేం అనుకుంటున్నావో, ఎందుకనుకుంటున్నావో రాయమంటారు. గైడు చూసి బట్టీ పట్టిన బుర్రకు నేనేం అనుకుంటున్నానో నాకే తెలియలేదు కొన్ని వారాలు. నెట్‌లోంచి ఎత్తి రాస్తే సున్నా, అందులో మొహమాటం లేదు.

ఏడాది పోవడం మాత్రం నిజం. తిరిగొచ్చి ఇంటర్ ఫస్టియర్‌లో చేరాను, నా క్లాస్‌మేట్స్ అప్పటికి సీనియర్లు. బంధువులు "ఫెయిలైందా?" అని కూడా అడిగారు. కానీ జేఈఈ మెయిన్‌కు వయోపరిమితి లేదు, వాళ్లు చూసేది పన్నెండు పాసైన సంవత్సరాన్నే, కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

అసలు కష్టం మధ్యాహ్నం భోజనం దగ్గర మొదలవుతుంది. అక్కడ టీచర్లు గదుల్లోనే ఉంటారు, పిల్లలే గంట కొట్టగానే ఒక గది నుంచి ఇంకో గదికి పరుగెడతారు, ఒక్కో పీరియడ్‌లో ఒక్కో గుంపు, మన సెక్షన్ అనేదే ఉండదు. ఇక లంచ్‌లో ట్రే పట్టుకుని నిలబడితే, ప్రతి బల్లా చిన్నప్పటినుంచి కలిసి పెరిగిన వాళ్లతో నిండి ఉంటుంది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, పలకరిస్తే చక్కగా నవ్వుతారు, అంతటితో అయిపోతుంది. మొదటి వారం "ఇండియాలో ఏనుగులుంటాయా" అని అడిగిన వాళ్లెవరూ రెండో వారం నన్ను పిలిచి కూర్చోబెట్టుకోలేదు.

అందుకే మీ అమ్మాయికి ఒక్కటే చెప్పండి, వెళ్లిన వారంలోనే ఏదో ఒక టీమ్‌లో చేరమనండి. ఆట రాకపోయినా పర్లేదు. నేను క్రాస్ కంట్రీలో చేరాను, అంటే గడ్డిలో, గుట్టల మీద ఐదు కిలోమీటర్ల పరుగు. మా స్కూల్లో అందులో ఎవరినీ వద్దనేవారు కాదు. ప్రతి పోటీలోనూ నేను చివర్లోనే ఉండేదాన్ని. కానీ రోజూ స్కూలయ్యాక ప్రాక్టీసు, పోటీల కోసం పక్క ఊళ్లకు పసుపు బస్సులో ప్రయాణం, చీకటి పడ్డాక తిరుగు ప్రయాణంలో ఆ కబుర్లు, అక్కడ దొరికారు నాకు స్నేహితులు. లంచ్ బల్ల సమస్య దానంతటదే తీరిపోయింది.

అక్కడ మన పిల్ల ఉండేది ఒక హోస్ట్ కుటుంబం ఇంట్లో. వాళ్లకు జీతం ఉండదు, ఇష్టపడి ఇంట్లో పెట్టుకుంటారు. కాబట్టి మన పిల్ల అక్కడ అతిథి కాదు, అంట్లు తోమాలి, బట్టలు తనే ఉతుక్కోవాలి, ఎక్కడికి వెళ్తున్నా చెప్పి వెళ్లాలి, కారు నడపడానికి వీల్లేదు. రాత్రి భోజనం సాయంత్రం ఆరింటికే అయిపోతుంది, తొమ్మిదింటికి కడుపులో ఎలుకలు పరుగెడతాయి (పచ్చడి సీసా పంపండి, బాగా సీలు వేసి). ఆ ఇంట్లో కుదరకపోతే ఇల్లు మార్చే వీలుంది, ప్రోగ్రాం తరఫు మనిషి నెలకోసారైనా మాట్లాడతారు, వాళ్లకు దాచకుండా చెప్పాలి. నాతో వెళ్లిన అమ్మాయి మారింది, అందులో పరువు పోయేదేం లేదు.

స్కూల్లో పొద్దున్నే అమెరికా జెండా వైపు తిరిగి ప్రమాణం చేస్తారు. మన పిల్లలు చేయక్కర్లేదు. ఎవరినీ బలవంతం చేయకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1943లోనే చెప్పింది. నేను ఊరికే నిలబడేదాన్ని, ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు మీకు చెప్పేది కాస్త గట్టిగానే చెబుతాను. రోజూ వీడియో కాల్ చేయకండి. మా అమ్మ మొదట్లో పొద్దున్నా రాత్రీ చేసేది. ఫోన్ పెట్టాక నేను గదిలోంచి బయటికి వచ్చేదాన్నే కాదు, కింద హాల్లో హోస్ట్ కుటుంబం వాళ్లు నాకోసం చూసి చూసి ఆట మొదలుపెట్టేసేవారు. వారానికి ఒకసారి ఆదివారం అనుకున్నాక నేనూ బాగుపడ్డాను, అమ్మ బీపీ కూడా.

ఇంకోటి, దీన్ని అమెరికాలో స్థిరపడే దారి అనుకుంటే పొరపాటు. ప్రభుత్వ ఖర్చుతో జే-1 అనే ఎక్స్చేంజ్ వీసా మీద వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, రెండేళ్లు సొంత దేశంలో ఉంటేనే తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసాకు గానీ గ్రీన్‌కార్డుకు గానీ అర్హులవుతారు. పై చదువుల స్టూడెంట్ వీసాకు ఆ అడ్డు లేదు. అప్లికేషన్ నింపే ముందే ఇంట్లో అందరూ ఇది తెలుసుకోండి. అమ్మాయి తనే వెళ్తానంటే పంపండి, మీ కోరిక మీద మాత్రం వద్దు.