బల్ల సంగతి దాచకు తల్లీ

గుణుపురం

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి నీ స్టెమ్ సెల్స్, అంటే మూలుగలో రక్తాన్ని పుట్టించే కణాలు, సరిపోయాయని, నువ్వు ఇస్తానన్నావని నిన్న రాత్రి మీ అమ్మ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నాకు గుండె నిండిపోయింది. ఆ తర్వాత మరి నిద్ర పట్టలేదు.

బాగా తిను, నీళ్ళు తాగు. కణాలు తీసేముందు ఇచ్చే ఇంజక్షన్లకి నడుము, తుంటి ఎముకలు లాగేస్తాయి, అయిపోయిన రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. రక్తంలోంచి కణాలు తీసే మిషన్ మీద ఉన్నప్పుడు పెదాలు తిమ్మిరెక్కితే చెప్పు, కాల్షియం ఇస్తారు. మన వైపు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఎక్కువ, ఆ జబ్బున్న వాళ్ళకి ఈ ఇంజక్షన్ ప్రమాదం. ఆ పరీక్ష అయ్యిందో లేదో అడుగు.

అసలు సంగతి వేరే. మీ నాన్నకి నా కణాలు ఇచ్చినప్పుడు నేనొక అబద్ధం ఆడాను. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

2004లో, నీకప్పుడు రెండేళ్ళు. అన్నదమ్ముల్లో నాదొక్కడిదే సరిపోయింది. "ఈమధ్య మలేరియా వచ్చిందా?" అనడిగింది డాక్టరమ్మ. అంతకు మూడు నెలల ముందే చింతపండు కొనడానికి కొండ ఊళ్ళు తిరిగి జ్వరంతో పడ్డాను. ఆ జ్వరానికి కడుపులో బల్ల, అదే ప్లీహం, ఉబ్బి చేతికి తగిలేది. నిజం చెబితే నన్ను వద్దంటారు, తమ్ముడు పోతాడు. "లేదమ్మా" అన్నాను.

ఆ ఇంజక్షన్ మూలుగలోని కణాల్ని రక్తంలోకి తోలుతుంది. దానికి ఎవరికైనా బల్ల కొంత ఉబ్బుతుంది. నాది అసలే ఉబ్బి తగ్గిన బల్ల. నాలుగోనాడు ఎడమ డొక్కలో మొదలైన పోటు భుజం దాకా పాకింది. పళ్ళబిగువున ఓర్చుకున్నాను. పక్కటెముకల కింద చెయ్యి నొక్కిపెట్టుకుని మంచం అంచున కూర్చుంటే నర్సు చూసి స్కానింగుకి పంపింది. బల్ల పగల్లేదు, దేవుడి దయ. డాక్టరమ్మ తిట్టలేదు. "మీ కణాలు ఎక్కించడానికని మీ తమ్ముడి మూలుగని మందులతో ఇప్పటికే చంపేశాం. ఇప్పుడు మీరు పడిపోతే ఆయనకి దారి లేదు" అంది. తమ్ముణ్ణి కాపాడుకోవాలని ఆడిన అబద్ధం తమ్ముడి మెడ మీదకే తెచ్చాను తల్లీ.

తర్వాత ఏటా పరీక్షకి రమ్మన్నారు. భయంతో పోలేదు. ఒళ్ళు వెచ్చబడితే చాలు, ఆ ఇంజక్షన్ వల్ల వచ్చిన బ్లడ్ కేన్సరే అనుకుని మీ పెద్దమ్మ నిద్రపోయాక చంకల్లో గడ్డలు తడుముకునేవాణ్ణి. పన్నెండేళ్ళకి చూపించుకుంటే ఏమీ లేదు. దాతల్ని ఏళ్ళ తరబడి గమనించిన చోట, మామూలు జనం కంటే వాళ్ళకి కేన్సర్లు ఎక్కువ వచ్చిన దాఖలా కనబడలేదట. అది తెలిసింది పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకున్న దాతల వల్లే. నువ్వు మాత్రం మానకు. ఉద్యోగం మారినా, పెళ్ళయి వెళ్ళినా, కొత్త నంబరు వాళ్ళకివ్వు.

మీ నాన్న వసారాలో చింతపిక్కలు తీస్తున్నాడు. ఇది ముందు వాడికి చదివి వినిపించి పోస్టు చేస్తాను.

పోయిన వానాకాలం సెలవులకి వచ్చినప్పుడు నీకూ మలేరియా వచ్చింది, గుర్తుందా? రక్తపరీక్ష చీటీ నా దగ్గరే ఉంది. ఇందులో పెడుతున్నాను, డాక్టర్లకి చూపించు.

పెదనాన్న