పాత లారీ ఇంజన్‌తో నూర్పిడి మిషన్, పంపు నడపొచ్చా? నేను నడిపాను, ఇవి చూసుకోండి

రోడ్డెక్కించలేని పాత ఆరు సిలిండర్ల లారీ ఒకటి ఉందని, దాంతో నూర్పిడి మిషన్, నీటి పంపు నడపొచ్చా, బలం సరిపోతుందా అని అడిగారు. బలం గురించి టెన్షన్ పడకండి. 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 400 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఇంజన్ నుంచి 84 హార్స్‌పవర్ దాకా వస్తుంది. నేను ఇలాంటి లారీని కొన్ని సీజన్లు నడిపాను. అప్పుడు నన్ను ఎక్కువగా ఏడిపించింది స్పీడ్ నిలబడకపోవడం.

లారీ డీజిల్ పంపులో ఉండే గవర్నర్ (ఇంజన్ స్పీడును అదుపు చేసే భాగం) చాలావరకు రెండే పనులు చేస్తుంది: ఐడిలింగ్‌లో ఇంజన్ ఆగకుండా చూస్తుంది, గరిష్ఠ స్పీడ్ దాటనివ్వదు. మధ్యలో స్పీడ్ చూసుకోవాల్సింది డ్రైవర్ కాలే. నాకు ఈ సంగతి తెలియక యాక్సిలరేటర్‌ను తీగతో ఒక చోట కట్టేశాను. మోపు కాస్త ఎక్కువ పడితే ఇంజన్ దిగిపోయి డ్రమ్ము బిగుసుకునేది. మోపు అయిపోగానే ఇంజన్ ఒక్కసారిగా అరిచేది, గింజలు పగిలేవి. ఒక మనిషిని లారీలో కూర్చోబెట్టి రోజంతా కాలుతో తొక్కించి చూశాం, అదీ కుదరలేదు. చివరికి డీజిల్ పంపును కాలిబ్రేషన్ షాపుకు (డీజిల్ పంపులు సరిచేసే చోటుకు) తీసుకెళ్లి ఆల్ స్పీడ్ గవర్నర్ వేయించాను. ట్రాక్టర్లకు, జనరేటర్లకు ఉండేది ఆ రకమే, లోడు పెరిగితే డీజిల్‌ను తానే పెంచుకుంటుంది. మీరు ఒక్క వెల్డింగు కూడా చేయకముందే మీ డీజిల్ పంపుకు ఏ గవర్నర్ ఉందో అడిగి తెలుసుకోండి.

గేర్‌బాక్స్, క్లచ్ తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. క్లచ్ ఉంటే లోడు లేకుండా స్టార్ట్ చేయొచ్చు, మిషన్‌ను మెల్లగా అందుకోనివ్వొచ్చు. పని మాత్రం డైరెక్ట్ గేర్‌లోనే చేయండి. అందులో శక్తి గేరు పళ్ల మీదుగా పోకుండా నేరుగా వెనక్కి వస్తుంది కాబట్టి గంటల తరబడి నడిపినా పెట్టె అంతగా వేడెక్కదు. స్పీడును పుల్లీలతో తగ్గించుకోండి. షాఫ్ట్ 1500 తిరుగుతూ మిషన్‌కు 750 కావాలంటే ఇటు షాఫ్ట్‌కు 30 సెంటీమీటర్ల పుల్లీ, అటు మిషన్‌కు 60 సెంటీమీటర్లది. షాఫ్ట్ వైపు పుల్లీని గేర్‌బాక్స్ షాఫ్ట్‌కే బిగిస్తే బెల్టు పక్కకు లాగి బేరింగ్ పోతుంది. ఛాసిస్ మీద రెండు ప్లమ్మర్ బ్లాకులు (బేరింగ్ ఉండే దిమ్మెలు) పెట్టి వాటిలో వేరే షాఫ్ట్ వేయండి. గేర్‌బాక్స్ నుంచి దానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ముక్క కలపండి. ఆ ముక్కకు రెండు చివర్లా ఉన్న క్రాసుల (వంగి తిరిగే జాయింట్ల) కోణాలు సమానంగా ఉండాలి, లేకపోతే వణుకు ఆగదు.

తిరిగే దిశ దగ్గర నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ట్రాక్టర్ పీటీఓను (మిషన్లు నడపడానికి వెనక ఉండే షాఫ్ట్‌ను) వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు గేర్లలో సాధారణంగా దానికి ఎదురు తిరుగుతుంది. ట్రాక్టర్ కోసం చేసిన పంపును దానికి నేరుగా కలిపితే నీళ్లు వచ్చాయి కానీ సన్నగా వచ్చాయి. ఫుట్ వాల్వ్ (నీళ్లు పీల్చే పైపు కింద కొసన ఉండే వాల్వ్) మార్చాను, పైపు జాయింట్లన్నీ మళ్లీ బిగించాను. పంపు బాడీ మీద ఉన్న బాణం గుర్తు చూశాక గానీ సంగతి అర్థం కాలేదు. ఇంపెల్లర్ (పంపు లోపల నీళ్లను తోసే చక్రం) షాఫ్ట్‌కు మరలా తిప్పి బిగించే రకమైతే అలా తిప్పినప్పుడు ఊడిపోయి లోపలంతా పాడయ్యేది. బెల్టు మీద నడిపేటప్పుడు మిషన్‌ను అటు ముఖం ఇటు తిప్పి పెడితే దిశ సరిపోతుంది. నేరుగా షాఫ్ట్‌తో కలపాలంటే మాత్రం మధ్యలో దిశ మార్చే గేర్ పెట్టె తప్పదు.

వెనక ఒక చక్రాన్ని జాకీ మీద లేపి దానికి బెల్టు వేసే పాత పద్ధతి కూడా చూశాను. రెండో చక్రం ఆగి ఉంటే లేపిన చక్రం రెట్టింపు స్పీడులో తిరుగుతుంది. డిఫరెన్షియల్‌లోని (వెనక రెండు చక్రాలు వేర్వేరు స్పీడుల్లో తిరిగేలా చేసే గేర్ల పెట్టెలోని) చిన్న గేర్లు మలుపుల్లో కాసేపు తిరగడానికి చేసినవి, రోజంతా తిరిగితే అరిగిపోతాయి. అది వద్దు.

నిలబడి ఉన్న లారీకి ఎదురుగాలి ఉండదు, రేడియేటర్‌కు ఫ్యానే ఆధారం. ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు ఊడిపోయి ఉంటే ముందు అది బిగించండి. రేడియేటర్‌ను గాలి వచ్చే వైపు ఉంచి, ముందు సన్న జాలీ కట్టి, గంటకోసారి పొట్టు దులపండి. సైలెన్సర్ గొట్టాన్ని నిలువుగా పైకి తిప్పండి. గడ్డి పక్కన నిప్పురవ్వ ఒక్కటి చాలు.

తిరిగే షాఫ్ట్ మొత్తానికీ రేకు కప్పు ఉండాలి. అది లేకుండా ఒక్క పూట కూడా నడపకండి, వేలాడే బట్ట కొస చిక్కితే చేయి వెనక్కి తీసుకునే సమయం కూడా ఉండదు. ఇంజన్ ఆపే కేబుల్‌ను మోపు అందించే మనిషి చేతికి అందేలా పొడిగించండి. ఆయిల్ ప్రెషర్ పడిపోతే డీజిల్ ఆగిపోయే స్విచ్ కూడా పెట్టించుకోండి, ఎందుకంటే పని మధ్యలో మీటరు వైపు ఎవరూ చూడరు.

మీ మిషన్ ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎం, దాని పుల్లీ వ్యాసం, బాణం దిశ ఇక్కడ రాయండి. షాఫ్ట్‌కు ఏ సైజు పుల్లీ వేయాలో లెక్క కట్టి చెబుతాను.