మొదటిరాత్రి రక్తం రాలేదు, టెస్ట్ చేయించాలా? – సమాధానం

కన్నెపొర చిరగకుండా సాగి ఉంటుంది, అంతే. అది యోని ద్వారం అంచున ఉండే మెత్తటి మడత. మధ్యలో ఖాళీ మామూలుగా ముందునుంచే ఉంటుంది. నెలసరి వచ్చేది అందులోంచే. చాలామందికి అసలు రక్తం రాదు. వచ్చినా తొందరపాటు, తడి లేకపోవడం వల్ల కావచ్చు.

మీ అత్తగారు గాజువాకలో కన్యత్వ టెస్ట్ (ముందే కలయిక జరిగిందా అని చూసేది) చేయించమన్నారని రాశారు. డాక్టరు ఏం చూసి తేలుస్తారని ఎవరూ అడగరు, అసలు అడగాల్సింది అదే. పొరను చూసి కలయిక జరిగిందో లేదో ఏ డాక్టరూ చెప్పలేరు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షే ఆపేయమంది.

1. ఒప్పుకోకండి. మీ ఇష్టం లేకుండా ఎవరూ చేయకూడదు.
2. మీ ఆయన్ని విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ గైనిక్ ఓపీకి తీసుకెళ్ళి, ఇదే మాట డాక్టరు నోట వినిపించండి.
3. బలవంతపెడితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.