టెక్ సందేహాలు: మౌస్ పీకేసి ఒక బగ్ రాయండి చూద్దాం

ప్రశ్న: అన్నా, మేం కావలిలో నలుగురు ఫ్రెండ్స్ కలిసి తెలుగు స్పెల్‌చెకర్ ఒకటి ఓపెన్‌సోర్స్‌గా చేస్తుండాం. బగ్గులన్నీ (ప్రోగ్రాంలో దొరికిన తప్పులు) వాట్సాప్ గ్రూపులోనే, ఏది సరిచేశామో ఏది మిగిలిందో ఎవడికీ తెలీదు. టెస్టింగ్ చేసే మావాడికి చూపు లేదు, తెరమీదది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతో పనిచేస్తాడు. వాడికి ఇబ్బంది లేకుండా బగ్గులు రాసిపెట్టుకోడానికి బగ్జిల్లా పెట్టుకోమంటారా, గిట్‌హబ్బా?

జవాబు: ముందు వాట్సాప్ నుంచి బయటపడండి తమ్ముడూ, అది బగ్గుల్ని మింగేస్తది. కోడ్ ఎక్కడుందో మీరు రాయలేదు, గిట్‌హబ్‌లో కోడూ బగ్గులూ ఒకేచోట పెట్టుకోవచ్చు, అక్కడే ఉంటే ఇంకెక్కడికీ పోబాకండి. ఎన్‌వీడీఏ చేసేవాళ్ళే తమ బగ్గులన్నీ గిట్‌హబ్‌లో పెట్టుకుంటున్నారు, ఆ పనిచేసే వాళ్ళలో చూపులేని డెవలపర్లు కూడా ఉన్నారు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. బగ్జిల్లా 1998 నాటిది, చూడ్డానికి పాత ఫారంలాగ ఉంటది కానీ ఆ సాదాతనమే స్క్రీన్ రీడర్‌కి సుఖం. కాకపోతే సర్వర్ మీరే పెట్టుకోవాల, అప్‌డేట్లు మీరే చేసుకోవాల, నలుగురికి అంత మోత ఎందుకు చెప్పండి.

అసలు ఫీచర్ల లిస్టు చూసి ఎంచుకోబాకండి. మౌస్ పీకేసి, ఎన్‌వీడీఏ ఆన్ చేసి, మానిటర్ ఆపేసి మీరే ఒక బగ్ రాయండి. నేనొకసారి ఒంగోల్లో ఒక ఫ్రెండ్ పక్కన కూర్చుని బగ్గులు రాసుకునే వేరే ట్రాకర్ ఒకటి విన్నా, ట్యాబ్ కొట్టినప్పుడల్లా "బటన్, బటన్, బటన్" అంటది అంతే, ఏ బటనో చెప్పదు, బొమ్మలకి పేర్లు పెట్టకపోతే అదే గతి. హెచ్ నొక్కితే హెడింగ్ హెడింగ్‌కి దూకుతుందా, ఎఫ్ నొక్కితే ఫారంలో గళ్ళు దొరుకుతున్నాయా, సేవ్ అయ్యాక "సేవ్ అయింది" అని చదువుతుందా, ఈ మూడూ చూడండి చాలు. సైనప్‌లో బొమ్మ క్యాప్చా ఒక్కటే ఉండి ఆడియో లేకపోతే అక్కడే కథ కంచికి.

గిట్‌హబ్‌లో అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద క్యారెక్టర్ కీస్ ఆపెయ్యమనండి, లేకపోతే ఒక్కక్షరం షార్ట్‌కట్లు ఎన్‌వీడీఏ కీలతో గొడవపడొచ్చు. కార్డుల్ని లాగి పడేసే బోర్డుల జోలికి పోకుండా బగ్గుకి తగిలించే లేబుల్స్‌తో నడపండి. బ్రౌజరే విసుగనిపిస్తే కమాండ్లు టైపు చేసే టెర్మినల్లో గిట్‌హబ్ వాళ్ళ "జీహెచ్ ఇష్యూ క్రియేట్" (gh issue create) కమాండ్ ఉంది, టైటిల్ అడుగుతది, వివరం అడుగుతది, అయిపోయె. కామెంటుకి జవాబు ఈమెయిల్లోంచే ఇవ్వొచ్చు. డెబియన్ అనే లినక్స్ చేసేవాళ్ళయితే బగ్ రాయడమూ మూసెయ్యడమూ కూడా మెయిల్ మీదే నడిపిస్తారు, నాకు మాత్రం ఆ పద్ధతే ముద్దు.

ఇంకోటి, ఇది మిగతా ముగ్గురికీ. స్క్రీన్‌షాట్ ఒక్కటే పడేసి "ఇది చూడండి" అని రాయబాకండి, మీవాడికి అది "గ్రాఫిక్" అని మాత్రమే వినపడతది. ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి, ఏ పదం కొడితే వచ్చిందో కింద టైపు చెయ్యండి.