మొదటి పెళ్లి లైవ్‌కి వెళ్లే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల పెళ్లికి లైవ్ నువ్వే పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కెమెరా పని నీకు కొత్త కాదు గానీ లైవ్ సంగతి వేరు. వీడియోలో తప్పొస్తే ఎడిటింగ్‌లో దిద్దుకుంటాం, లైవ్‌లో తాళి కట్టే ఘట్టం పోతే పోయినట్టే.

అందరూ బొమ్మ గురించే టెన్షన్ పడతారు. నువ్వు మాత్రం ముందు శబ్దం సంగతి చూడు. అవతల చూసేది సెలవు దొరకని అన్నయ్య, మోకాళ్ల నొప్పులతో ప్రయాణం చేయలేని అమ్మమ్మ. బొమ్మ కాస్త మసకగా ఉన్నా వాళ్లు సర్దుకుంటారు. మంత్రం వినపడకపోతే మాత్రం ఎంతోసేపు చూడలేరు. కెమెరా మైకుని నమ్ముకోకు, దానికి ఫ్యాన్ల హోరూ పిల్లల గోలా తప్ప ఏమీ అందదు. పంతులుగారు పీటల దగ్గర కూర్చోకముందే అడిగి, ఆయన ఉత్తరీయానికి కాలర్ మైకు పెట్టు. మేళానికి విడిగా ఇంకో మైకు ఉండాలి. ఆయన గొంతుకి సరిపెట్టిన వాల్యూమ్‌లోనే డోలూ సన్నాయీ కూడా వస్తే, గట్టిమేళం వేళకి శబ్దం పగిలిపోతుంది. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో, శబ్దం చూపించే మీటర్‌లో ఆయన గొంతు పసుపు దగ్గర ఆడాలి, మేళం ఎర్రగీతల్లోకి పోకూడదు. జీలకర్ర బెల్లం దగ్గరపడుతోందంటే నీ చెయ్యి మేళం ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) మీదే ఉండాలి.

ఇక నెట్. ఖాళీ హాల్లో స్పీడ్ చూసి ధైర్యం తెచ్చుకోకు. వెయ్యిమంది వచ్చి అందరూ స్టేటస్‌లు పెడుతుంటే అదే టవరు కింద అదే సిమ్ నత్తనడక నడుస్తుంది. అదే హాల్లో ఇంకో పెళ్లి ఉన్న రోజు, భోజనాల రద్దీలో వెళ్లి చూడు. డౌన్‌లోడ్ ఎంతున్నా మనకు పనికిరాదు, చూడాల్సింది అప్‌లోడ్, అంటే మన దగ్గర్నుంచి బయటికి పంపే వేగం. 720పి బొమ్మ 3 ఎంబీపీఎస్‌తో చక్కగా వెళ్తుంది, కానీ టెస్టులో కనీసం 6 వస్తేనే ఒప్పుకో. 3 ఎంబీపీఎస్ లెక్కన గంటకి సుమారు 1.35 జీబీ ఖర్చు. రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే గంటన్నరకే అయిపోతుంది, అప్పటికి ముహూర్తం కూడా కాదు! వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు పెట్టుకో. హాల్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై వద్దు, కేబుల్ లాగించు. సెట్టింగుల్లో కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ మళ్లీ పంపే వ్యవధి) 2 సెకన్లు, లేటెన్సీ (అవతలికి చేరే ఆలస్యం) నార్మల్ పెట్టు. కొన్ని సెకన్లు ఆలస్యమైనా ఆగకుండా రావడమే మనకు కావాలి.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రౌటర్ ఒకసారి ఆరిందంటే మళ్లీ లేచేసరికి రెండు నిమిషాలైనా పడుతుంది. దానికో చిన్న యూపీఎస్ తప్పనిసరి.

యూట్యూబ్ ఛానెల్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే 24 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి ఆ పని ఇవాళే చేసెయ్. లింకు అన్‌లిస్టెడ్‌లో పెట్టు, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా. డీజే సినిమా పాటలు వేసేటప్పుడు ఆ శబ్దం లైవ్‌లోకి రానివ్వకు, కాపీరైట్ పేరుతో మధ్యలో ఆపేసే ప్రమాదం ఉంది. ఈ మాట పెళ్లివారికి ముందే చెప్పు.

లింకుతో పాటు టైము కూడా రాసి పంపు. ముహూర్తం ఆదివారం తెల్లవారుజామున రెండున్నర అంటే, ఎండాకాలంలో డల్లాస్ వాళ్లకి శనివారం సాయంత్రం నాలుగు. ఇది రాయకపోతే వాళ్లు మర్నాడు లింకు తెరుస్తారు. పాపం, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోతాయి.

లైవ్ నడుస్తున్నంతసేపూ ఇంకో సిమ్ ఉన్న ఫోన్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకరు వింటూ ఉండాలి. నీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, అవతలికి ఎలా వెళ్తోందో దాన్నిబట్టి తెలియదు. స్ట్రీమింగ్‌తో పాటు రికార్డింగ్ బటన్ కూడా నొక్కడం మరచిపోకు.

ముందు రోజు టెస్ట్ లింకు నాకు పంపించు. పెద్దమ్మా నేనూ కూర్చుని విని, మాట ఎలా వస్తోందో ఫోన్ చేసి చెబుతాం.

ఇట్లు,
మీ పెదనాన్న